ఈ ఇమానం కోరుట్లకు పోతదా?

2025 డిసెంబరు 25వ తేదీ. క్రిస్మస్ సెలవు కావటంతో భివండిలోని మా ఇంట్లో అందరం ఉన్నాం. నవీ ముంబయిలో కొత్తగా కట్టిన విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలైంది ఆ రోజే. పొద్దున ఎనిమిదింటికి బెంగుళూరు నుంచి వచ్చిన విమానం మొదట దిగిందనీ, ఆ తర్వాత అక్కడి నుంచి బయలుదేరిన మొట్టమొదటి విమానం హైదరాబాదుకు వెళ్ళిందనీ మా అబ్బాయి ఫోనులో చూసి గట్టిగా చదివి వినిపించాడు.

"మొట్టమొదటిదే మన హైదరాబాదుకు పోయింది నానమ్మా!" అన్నాడు సంబరంగా.

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండానే, "మంచిదే బిడ్డా. గా ఇమానం కోరుట్లకు పోతదా మరి?" అంది.

అందరం నవ్వాం. కోరుట్లకు విమానం ఎక్కడిదని మా ఆవిడ నచ్చజెప్పింది. "అయితె నాకేం పని దానితోని" అని అమ్మ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

నవ్వు అయిపోయింది కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. రైలైనా, బస్సైనా, విమానమైనా కొత్తగా ఒకటి వచ్చిందంటే మా ఇంట్లో అరవై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అదే. మన ఊరికి పోతదా? పోతే ఎన్నాళ్ళు పోతది? సొంతవూరు వదిలి దూరాన స్థిరపడిన మీ అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న ఉండే ఉంటుంది. అందుకే మా సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

సాంచాల ఊరు

భివండి పేరు మీరు వినే ఉంటారు, చూసినవారు మాత్రం తక్కువే ఉంటారు. ఠాణే జిల్లాలో కళ్యాణ్‌కు దగ్గర్లో కామ్‌వారి నది ఒడ్డున ఉన్న ఊరు ఇది. మరమగ్గాలు ఇక్కడ లక్షల్లో ఉంటాయి. వాటిని మేము సాంచాలు అంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలకు మొదటి రెండు రాత్రులు ఆ చప్పుడుకు నిద్రపట్టదు. మాకు ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. ఆగిందంటే కరెంటన్నా పోయి ఉండాలి, సేటు పడుగు ఇవ్వటమన్నా మానేసి ఉండాలి.

ఊళ్ళో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలున్నారు, కొంకణీ ముస్లిములున్నారు, మరాఠీవారున్నారు, నూలు వ్యాపారం చేసే గుజరాతీ, మార్వాడీ సేట్లున్నారు. వీరందరి మధ్య పద్మానగర్, కామత్‌ఘర్ వాడల్లో మన తెలుగువాళ్ళం. ఎక్కువమందిమి పాత కరీంనగర్, నల్గొండ, వరంగల్లు జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలమే. పద్మానగర్‌లో అడుగుపెడితే దుకాణాల బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. సంక్రాంతికి ముందు ఏ సందులోకి వెళ్ళినా సకినాలు కాలుతున్న నూనె వాసనే. బతుకమ్మ రోజుల్లో మా వాడ ఆడవాళ్ళు తంగేడు దొరక్క బంతిపూలతో సరిపెట్టుకుని, కామత్‌ఘర్ పక్కన ఉన్న వర్హాళ చెరువుకు నడిచివెళతారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే తెలుగు మీడియంలో చదువుకుని, ఇక్కడే బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అయినా ఎవరన్నా "మీదే ఊరు?" అని అడిగితే నోటికి ముందు వచ్చేది కోరుట్లే.

మన్మాడ్‌లో బండి మారాలి

మా నాయిన 1962లో వచ్చాడు. మా ఊరు కోరుట్లకు ఆరు మైళ్ళు. చేతిమగ్గం కూడు పెట్టని రోజులవి. ఊరి నుంచి కోరుట్లకు ఎడ్లబండి, కోరుట్ల నుంచి నిజామాబాదుకు బస్సు, నిజామాబాదులో మీటరుగేజి రైలు. ఆ రైలు నాందేడు, పర్భణీ, ఔరంగాబాదుల మీదుగా మన్మాడ్ దాకా తెచ్చి దించేది. అక్కడ పట్టాల వెడల్పు మారేది కనుక మూటా ముల్లె దింపుకుని పెద్దలైను బండి ఎక్కాలి. తెల్లారి కళ్యాణ్‌లో దిగి మళ్ళీ బస్సు. అన్నీ కలిసివస్తే రెండు రోజుల ప్రయాణం. మన్మాడ్‌లో బండి తప్పితే మూడోరోజు కూడా పట్టేది.

1978లో మా తాత పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. టెలిగ్రాము కార్ఖానా చిరునామాకు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నాయిన నాలుగు సాంచాలు నడుపుతున్నాడు. పక్కవాడికి అప్పజెప్పి, ఒంటిమీది బనీను మీద చొక్కా వేసుకుని, అట్లాగే కళ్యాణ్ పరుగెత్తాడు. ఆయన ఊరు చేరేసరికి చితి చల్లారింది. పెద్దకొడుకు చేయవలసిన కర్మ మా చిన్నాయన చేశాడు. తిరిగివచ్చాక నాయిన దాన్ని గురించి ఒక్కమాటా మాట్లాడలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి మాత్రం, "మన్మాడ్‌ల ఆరుగంటలు కూసున్న" అన్నాడు. అంతే.

ఇప్పుడు ఆ లైనంతా పెద్దలైను అయిపోయింది. దేవగిరి ఎక్స్‌ప్రెస్ కళ్యాణ్‌లో ఎక్కితే మన్మాడ్‌లో దిగే పని లేకుండా నిజామాబాదు చేరుస్తుంది. ఆ రైలు మొదటిసారి ఎక్కినప్పుడు మన్మాడ్ స్టేషన్లో నాయిన కిటికీలోంచి ప్లాట్‌ఫారాన్ని చాలాసేపు చూస్తూ కూర్చోవటం నాకు గుర్తు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

మా ప్రాంతంలో బతుకుతెరువుకు మూడు బాయిలని ఒక నానుడి ఉంది. సింగరేణి బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. నా చిన్నతనంలో మా ఒంటిగది ఇల్లు ఈ మూడింట్లో రెండింటికి మజిలీగా ఉండేది. అప్పట్లో గల్ఫుకు పోవాలంటే బొంబాయిలోనే విమానం ఎక్కాలి. వీసా కోసమో, ఏజెంటు మాట కోసమో వారాల తరబడి కాచుకుని ఉండాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు నుంచి వచ్చిన పిల్లలు ఆ వారాలు మా వంటి వారి ఇళ్ళల్లో గడిపేవారు. పగలు ఏజెంటు ఆఫీసు ముందు పడిగాపులు, రాత్రి మా గుమ్మం ముందు చాప. అమ్మ ఆరుగురికి వండిన అన్నం పదిమందికి సర్దేది. వెళ్ళేటప్పుడు కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళేవారు. రెండేళ్ళకు తిరిగివస్తూ అమ్మకు ఒక సెంటుబుడ్డో, నాయినకు టార్చిలైటో ఇచ్చి పోయేవారు.

తరువాత హైదరాబాదు నుంచే గల్ఫుకు నేరుగా విమానాలు వచ్చాయి. 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాదుకు విమానాశ్రయం మారాక అవి మరీ ఎక్కువయ్యాయి. మా ఊరి పిల్లలకు అది పెద్ద మేలు. బొంబాయిలో ఏజెంట్ల గుమ్మాలు పట్టుకుని తిరిగే బాధ తప్పింది. మా ఇంటికి మాత్రం చుట్టాలు రావటం తగ్గింది. ఎక్కడో ఒకచోట కొత్తదారి పడితే, పాతదారి మీద ఉన్న ఇల్లు తనకు తెలియకుండానే ఓ పక్కకు జరిగిపోతుందని నాకు అప్పుడు తెలిసింది.

మా ఊరి బస్సు

1990ల నాటికి మా వైపు ఊళ్ళ నుంచి భివండికి నేరుగా బస్సులు నడిచేవి. పటం తీసి చూడండి, జాతీయ రహదారుల్లో 61వ నెంబరుది భివండి దగ్గర మొదలై జగిత్యాలలో ముగుస్తుంది. పాతరోజుల్లో కళ్యాణ్ నుంచి నిర్మల్ దాకా 222వ నెంబరు అనేవారు. నెంబర్లు వేసినవారు మా నేతపనివారిని తలుచుకుని వేశారని నేననను. కానీ ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారికి ఒక కొస మా సాంచాల దగ్గర, మరొక కొస మా జిల్లా కేంద్రంలో ఉండటం చూస్తే, మా కోసమే వేసినట్టు అనిపించక మానదు.

సాయంత్రం ఐదింటికి పద్మానగర్ దగ్గర బస్సు ఎక్కితే చీకటిపడే వేళకు మాళ్శేజ్ ఘాటు. అహ్మద్‌నగర్, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు, ఆ దరిదాపుల్లో భోజనాలు. రాత్రి నిద్రలో ఎక్కడో ఒకసారి గోదావరి దాటేవాళ్ళం. తెల్లవారేసరికి నాందేడు. భైంసా వైపు సరిహద్దు దాటాక బోర్డుల మీద లిపి మారేది. పక్కసీట్లో పిల్లవాడు "అమ్మా, మన అచ్చరాలు!" అని అరిచేవాడు. నిర్మల్ తర్వాత సోన్ వంతెన మీద రెండోసారి గోదావరి. అప్పటికి బస్సంతా మేలుకుని ఉండేది. ఆడవాళ్ళు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళలు నదిలోకి విసిరేవారు. ఆర్మూరు, మెట్‌పల్లి దాటి మధ్యాహ్నానికి కోరుట్ల.

ఆ బస్సు మనుషుల్ని మాత్రమే మోసేది కాదు. డ్రైవరు చేతికి ఇస్తే పెళ్ళిపత్రికలు చేరేవి, మందులు చేరేవి, ముసలివాళ్ళకు పంపే డబ్బు చేరేది. అటునుంచి మామిడి తొక్కు సీసాలు, కొత్తబియ్యం, పసుపు వచ్చేవి. మా చెల్లెలి సంబంధం కూడా ఆ బస్సులోనే కుదిరింది. రెండు కుటుంబాలవాళ్ళు అహ్మద్‌నగర్ హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, ఇంటిపేర్లు అడిగారు, తెల్లారేసరికి మాట నడిచింది!

2020 మార్చి చివరిలో అన్నీ ఆగిపోయాయి. రైళ్ళు లేవు, బస్సులు లేవు, విమానాలు లేవు. నా ఎరుకలో సాంచాలు అన్ని రోజులు మూగపోయింది అప్పుడే. మే మొదటివారంలో భివండి రోడ్డు స్టేషను నుంచి గోరఖ్‌పూర్‌కు శ్రామిక్ రైలు బయలుదేరింది. మహారాష్ట్ర నుంచి కూలివారిని ఇళ్ళకు చేర్చిన తొలి రైళ్ళలో అదొకటి. మా వాడవాళ్ళు కొందరు చందాలు వేసుకుని జీపులు మాట్లాడుకుని, పాసులు తెచ్చుకుని వెళ్ళారు. మిగిలినవాళ్ళం ఇక్కడే ఉండిపోయాం. తర్వాత అన్నీ ఒక్కొక్కటే మొదలయ్యాయి కానీ, మా ఊరి ముందు ఆగే ఆ బస్సు మాత్రం మళ్ళీ రాలేదు. అది ఎవరి బస్సు, తప్పు ఎవరిది అన్నది ఇక్కడ అనవసరం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎగిరేవీ, ఆగిపోయేవీ

కొత్త విమానం గురించి మా అబ్బాయి అంత సంబరపడుతుంటే నాకు పాత పేర్లు గుర్తొచ్చాయి. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసిన దగ్గర్నుంచి 1990ల మొదటిదాకా దేశంలో తిరిగే విమానాలు దాదాపుగా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌వే. ఆ తర్వాత ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, జెట్ వచ్చాయి. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి, మామూలు మనిషి కూడా ఎక్కగల టిక్కెట్టు చూపించింది. వీటిలో ఇప్పుడు ఏవీ లేవు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి.

మా వైపుకే దగ్గరి ఉదాహరణ నాందేడు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద హైదరాబాదు నుంచి కడపకూ, నాందేడుకూ ట్రూజెట్ విమానాలు మొదలయ్యాయి. తర్వాత నాందేడు, ముంబయిల మధ్య కూడా నడిచింది. నిజామాబాదు వాళ్ళకు నాందేడు ఎంత దూరం కనుక! మావాళ్ళు ఒకరిద్దరు ఎక్కి వచ్చి గొప్పగా చెప్పారు. 2022లో ఆ కంపెనీ విమానాలు ఆగిపోయాయి. 2024లో మరో కంపెనీ వచ్చి నాందేడుకు మళ్ళీ మొదలుపెట్టింది.

ఐరోపా వైపు చూసినా ఇదే కథ. 2008లో శంషాబాదు తెరిచిన రాత్రి అధికారికంగా దిగిన మొదటి విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా. అంత ఆర్భాటంగా దిగిన విమానం కూడా తర్వాతి ఏళ్ళలో రావటం మానేసింది. మళ్ళీ 2024 జనవరిలో మొదలైంది. 2025 సెప్టెంబరులో కేఎల్ఎం వాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హైదరాబాదుకు విమానం వేశారు. జర్మనీలో, హాలెండులో ఉన్న మన పిల్లలు ఆ వార్తలు ఎంత ఆశగా చదివి ఉంటారో నేను ఊహించగలను. వాళ్ళ అమ్మలు ఏమడిగి ఉంటారో కూడా ఊహించగలను.

ఎందుకు ఇట్లా వేస్తారు, తీస్తారు అంటే, సాంచా నడిపినవాడికి అది తేలిగ్గానే అర్థమవుతుంది. మన దేశంలో ఎక్కువ విమానాలు కంపెనీలు అద్దెకు తెచ్చుకున్నవే. ఎగిరినా, నేలమీద నిలబడినా నెల తిరిగితే అద్దె కట్టవలసిందే. ఖర్చులో మూడోవంతు దాకా ఇంధనమే మింగుతుంది. నూట ఎనభై సీట్ల విమానంలో అరవై ఖాళీగా పోతే, ఆ అరవై సీట్లను మర్నాడు అమ్ముకోవటానికి లేదు. సాంచా కూడా అంతే. ఈ రోజు ఆగిన సాంచా మీద నేయవలసిన గుడ్డ రేపు రెండింతలు కాదు. అందుకే నూలు ధర పెరిగి గిట్టుబాటు కాకపోతే ఆసామి ఆ రకం గుడ్డ మానేసి వేరే రకం ఎక్కిస్తాడు. విమానం కంపెనీ కూడా ఈ ఊరు మానేసి ఆ ఊరు ఎక్కిస్తుంది.

దీనికి తోడు పెద్ద విమానాశ్రయాల్లో దిగటానికీ, ఎగరటానికీ వేళలు కేటాయించి ఉంటాయి. ముంబయి పాత విమానాశ్రయంలో రెండు రన్‌వేలూ ఒకదానినొకటి కోసుకుపోతాయి కనుక రెండింటినీ ఒకేసారి వాడటం కుదరదు. వేళలన్నీ నిండిపోయి కొత్తవారికి చోటు లేదు. అందుకే నవీ ముంబయి. అక్కడి నుంచి మొదటి విమానం హైదరాబాదుకు వేసింది కూడా మా నేతవాళ్ళను చూసి కాదు. ఈ రెండు నగరాల మధ్య ఆఫీసు పనుల మీద తిరిగే జనం ఎక్కువ కనుక వేశారు. పోనీ, ఎవరి కోసం వేసినా ఖాళీ సీటు ఉంటే మనమూ ఎక్కవచ్చు కదా. ఎక్కవలసిన రోజు నెల తిరక్కుండానే వచ్చింది.

అమ్మ విమానం ఎక్కింది

సంక్రాంతి మర్నాడు మా మామ కొడుకు ఫోను చేశాడు. "బావా, నాయిన మంచం పట్టిండు. అత్తను చూడాలంటున్నడు. జెర జల్ది తీస్కరా." మామ అంటే అమ్మ ఒక్కగానొక్క అన్న. ఎనభై ఆరేళ్ళు.

ఏం చేయటం? పెద్దపల్లి నుంచి నిజామాబాదు దాకా లైను 2017లో పూర్తయ్యాక మా కోరుట్లకూ రైలుకూత వినిపించింది. ముంబయి నుంచి వారానికొక రైలు వేశారనీ సంతోషించాం. కానీ జబ్బు వారం చూసుకుని రాదు గదా. ప్రైవేటు స్లీపరు బస్సుల్లో పండుగకు వచ్చిపోయేవారి రద్దీ, సీటు దొరకలేదు. చివరికి మా అబ్బాయే నవీ ముంబయి నుంచి హైదరాబాదుకు టిక్కెట్లు తీశాడు. అమ్మ, నేను, వాడు.

తెల్లవారుజామున నాలుగింటికి శీల్‌ఫాటా మీదుగా టాక్సీలో వెళ్ళాం. చక్రాల కుర్చీలో కూర్చోబెడితే అమ్మ సిగ్గుపడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొత్త భవనం, మెరిసే నేల, పైన ఎక్కడో కప్పు. "గిది తుడువనీకె ఎంతమంది కావాలె బిడ్డా" అని మా అబ్బాయినడిగింది. విమానం లేచేటప్పుడు నా చేయి గట్టిగా పట్టుకుంది. మబ్బులు దాటాక చేయి వదిలి, కొంగుముడి విప్పి, అందులోంచి రూపాయి బిళ్ళ తీసి అరచేతిలో పట్టుకుంది.

"గోదారి ఎప్పుడొస్తది?"

ఈ దారిలో గోదావరి రాదమ్మా, ఇది కింది నుంచి పోతుంది అన్నాను. కాసేపు నన్నే చూసి, బిళ్ళను మళ్ళీ ముడి వేసుకుంది.

గంటన్నరలో శంషాబాదు. అక్కడి నుంచి కారు. ఊరు ఇంకా రెండు వందల కిలోమీటర్లకు పైనే. విమానంలో కూర్చున్న సమయానికి మూడింతలు కారులో కూర్చున్నాం. సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల దాటి సాయంత్రం నాలుగింటికి మామ ఇంటి ముందు దిగాం. ఇల్లు వదిలి పన్నెండు గంటలు. పాత బస్సులోనైతే పద్దెనిమిది పైన పట్టేది. ఆదా అయింది ఆరుగంటలే అనుకోవచ్చు. మా నాయిన మన్మాడ్‌లో కూర్చున్నది కూడా ఆరుగంటలే.

మామకు తెలివి ఉంది. అమ్మను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎట్లొచ్చినవే చెల్లె?"

"ఇమానంల వచ్చిన అన్నా."

"మన బస్సు రాలేదా?"

"అది వస్తలేదు గద. ఎప్పుడో బందైంది."

"అవునవును," అన్నాడు మామ. "మీరు వచ్చుడు బందైనంక బస్సేం చేస్తది."

ఆయన ఎత్తిపొడవలేదు. ఉన్నమాట అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. నాలుగు రోజులున్నాం. అన్నాచెల్లెళ్ళు చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకున్నారు. కండెలు చుట్టేటప్పుడు ఎవరు ఎక్కువ చుట్టారన్న తగాదా డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా తేలలేదు.

తిరుగు ప్రయాణం

తిరుగు టిక్కెట్టు కూడా విమానానికే తీస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. గోదారికి ఇవ్వవలసింది ఇచ్చిగానీ రానంది. పండుగ రద్దీ తగ్గి మెట్‌పల్లిలో ఒక స్లీపరు బస్సు దొరికింది. సోన్ వంతెన దగ్గరికి వచ్చేసరికి పొద్దుగూకింది. తీరా చూస్తే అది ఏసీ బస్సు, కిటికీ తెరుచుకోదు! అమ్మ కంగారు చూసి క్లీనరు కుర్రాడు, "ఇటియ్యి అవ్వా" అని బిళ్ళ తీసుకుని, తలుపు కొంచెం తీసి నదిలోకి విసిరాడు. అమ్మ అద్దంలోంచే దణ్ణం పెట్టుకుంది. ముప్ఫై పైచిలుకు బెర్తుల్లో ఆ రోజు నిండినవి పదకొండు. నేను లెక్కపెట్టాను.

భివండి చేరాక పద్మానగర్‌లో పాత బస్సుకు టిక్కెట్లు కోసిన ఏజెంటు కనిపిస్తే, ఇన్నేళ్ళుగా అడగని మాట అడిగాను. మన బస్సు ఎందుకు తీసేశారన్నా?

ఆయన నవ్వాడు. "ఎందుకు తీయరు సారూ? దసరాకు, సంక్రాంతికి మీరందరు ఒక్కపారే వస్తరు, నిలబడనీకె జాగ ఉండదు. తక్కిన దినాలు పద్నాలుగు మంది. డీజిలు ఖర్చన్న రావద్దా? సరే గని, కరోనాకు ముందు మీ ఇంట్లకెల్లి ఆఖరుసారి ఎవరెక్కిన్రు, చెప్పు?"

ఎంత ఆలోచించినా 2016లో ఒక పెళ్ళికి తప్ప మరొకటి గుర్తు రాలేదు. పిల్లల పరీక్షలు, బ్యాంకులో సెలవుల తక్కువ, ఊళ్ళో ఎవరున్నారు లెమ్మన్న మాట. కొందరు సాంచాలు అమ్ముకుని సిరిసిల్లకు తిరిగివెళ్ళారు, కొందరి పిల్లలు పూనాకు, హైదరాబాదుకు ఉద్యోగాలకు పోయారు. సాంచాలుండే చోట పెద్ద పెద్ద గోదాములు లేచాయి. ఇన్నాళ్ళూ బస్సు మమ్మల్ని వదిలేసిందని ఆడిపోసుకున్నాను. ముందు వదిలేసింది మేమే. ఖాళీ సీట్లతో బస్సు కొన్నాళ్ళు కాచుకుని ఉంది, తర్వాత అదీ మానేసింది.

విమానం కంపెనీల పెద్ద లెక్కలు మన చేతిలో లేవు. నూనె ధర, అద్దెలు, వేళల కేటాయింపులు మనం మార్చలేం. కానీ చివరకు ఏ దారి అయినా నిలిచేది దాని మీద నడిచేవాళ్ళను బట్టే. నాడె అటు పోయి ఇటు రాకపోతే గుడ్డ పడదని మా నాయిన అనేవాడు. సాంచా పని నేర్పుతూ అన్న మాట అది. ఇప్పుడు నాకు వేరేగా వినిపిస్తోంది.

మామ మాఘమాసంలో పోయాడు. వార్త విన్నాక అమ్మ ఏడ్చింది, కానీ "చూసుకున్న, అది చాలు" అంది. నాయినకు దొరకనిది అమ్మకు దొరికింది. అందుకు ఆ విమానానికి నా నమస్కారం. రేపు దాన్ని తీసేసినా ఆ నమస్కారం వాపసు తీసుకోను.

ఈ ఏడు దసరాకు కాదు, దసరా అయిన నెలకు, అంటే ఎవరూ పోని రోజుల్లో, పిల్లలను తీసుకుని ఊరికి పోవాలని అనుకున్నాం. స్లీపరు బస్సులో నాలుగు బెర్తులు మావి. దేశంలో ఏ మూలనున్నా, విదేశాల్లో ఉన్నా, మీ ఊరి వైపు పోయే బస్సో, రైలో, విమానమో ఒకటి ఉండే ఉంటుంది. అది ఉన్న రోజుల్లోనే, పండుగ కాని రోజున కూడా, ఒకసారి ఎక్కండి. ఖాళీగా పోనివ్వకండి.

అమ్మ మాత్రం ఇప్పటికే రూపాయి బిళ్ళ కొంగున ముడివేసి పెట్టుకుంది. కిటికీ తెరుచుకునే బస్సే చూడమని మా అబ్బాయికి ఆర్డరు వేసింది.